తెలుగు కీబోర్డు ప్రాజెక్టుకు బగ్ ట్రాకర్: మాంటిస్ వదిలేస్తే ఎటు వెళ్లాలి?

#1 — కీబోర్డు_కూర్పు

నమస్కారం అండి. ఒక తెలుగు కీబోర్డు, దానికి తోడు ఒక ఫాంటు, రెండూ ఓపెన్ సోర్స్. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. బగ్గులు మాత్రం సొంత సర్వర్‌లో మాంటిస్ అనే బగ్ ట్రాకర్‌లో, అంటే లోపాల చిట్టాలో, ఉన్నాయి. మాంటిస్‌లో నంబర్లు 1140 దాకా వచ్చాయి, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పులకు వచ్చిన ప్రతిపాదనలు) 400 దాటాయి. చూసుకునేవాళ్లం నలుగురం, అందరికీ ఇది సాయంత్రాల పనే.

బగ్గులు రాసేవాళ్లలో సగం మంది ప్రోగ్రామర్లు కారు. డీటీపీ చేసేవాళ్లు, టీచర్లు, వికీపీడియాలో రాసేవాళ్లు. ఎక్కువమంది ఫోన్ నుంచి, తెలుగులోనే రాస్తారు.

పీహెచ్‌పీ వెర్షన్ పెంచిన ప్రతిసారీ మాంటిస్ ప్లగిన్లు పడిపోతున్నాయి, అందుకే మారాలనుకుంటున్నాం. బగ్‌జిల్లా, రెడ్‌మైన్, గిట్‌హబ్ ఇష్యూస్, గిట్‌ల్యాబ్, ఫోర్జెజో: వీటిలో ఏది? ఒక్క షరతు. పాత నంబర్లు పోకూడదు. కమిట్ సందేశాల (కోడ్‌లో ప్రతి మార్పుకూ రాసే వివరణల) నిండా అవే ఉన్నాయి.

#2 — పెర్ల్_పెద్ద

పేర్ల జాబితాతో మొదలుపెడితే తేలదండి. ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. బగ్ ఎవరు రాస్తారు? వచ్చినదాన్ని ఎవరు వడగడతారు? రేపు ఇక్కణ్నుంచి వెళ్లిపోవాలంటే డేటా మొత్తం ఎలా బయటికి వస్తుంది?

మూడోదాన్ని అందరూ చివరికి వదిలేస్తారు, అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. గూగుల్ కోడ్ మూసేస్తున్నామని 2015 మార్చిలో ప్రకటన వచ్చింది, ఆగస్టుకల్లా చదవడానికి మాత్రమే మిగిలింది, 2016 జనవరిలో మూతపడింది. జిరా సర్వర్ ఎడిషన్‌కు మద్దతు 2024 ఫిబ్రవరి 15తో ఆగిపోయింది. ఫాబ్రికేటర్ అసలు ప్రాజెక్టు 2021 జూన్‌లో ఆగింది, ఇప్పుడు ఫోర్జ్ అనే ఫోర్క్‌గా, అంటే అదే కోడ్‌తో వేరేవాళ్లు నడిపే ప్రాజెక్టుగా, నడుస్తోంది. మంచి పనిముట్లే అన్నీ. అయినా పోయాయి, లేదా చేతులు మారాయి.

బగ్‌జిల్లా విషయం: 1998లో మొజిల్లా కోసం పుట్టింది, మొదట టీసీఎల్‌లో రాసి తర్వాత పెర్ల్‌కు మార్చారు. కేడీఈ, లిబ్రేఆఫీస్, జీసీసీ ఇప్పటికీ దాని మీదే ఉన్నాయి. వందల కాంపొనెంట్లు ఉండి, బగ్‌కు బగ్‌కు మధ్య 'దీనివల్ల అది ఆగింది' అనే లంకెలు గట్టిగా కావాల్సిన చోట దానికి సాటి లేదు. కానీ నలుగురికి అది బరువు. పెర్ల్ మాడ్యూళ్లు, డేటాబేసు, మెయిల్ క్యూ, అన్నిటికీ కాపలా ఉండాలి. పైగా ఫోన్‌లో ఆ ఫారం చూసి డీటీపీ చేసే మనిషి వెనక్కి వెళ్లిపోతాడు.

#3 — కొత్తకమిట్

కోడ్ గిట్‌హబ్‌లోనే ఉన్నప్పుడు ఇష్యూస్ (అక్కడ బగ్గులకు పేరు) కూడా అక్కడే పెట్టేయండి. 'ఫిక్సెస్' అని బగ్ నంబరు రాసిన ప్యాచ్ (కోడ్ సవరణ) డిఫాల్ట్ బ్రాంచిలో, అంటే అసలు కోడ్‌లో, మెర్జ్ కాగానే బగ్ దానంతటదే క్లోజ్ అవుతుంది. సర్వర్ ఖర్చు లేదు, స్పామ్ బెడద తక్కువ. కంపైలర్ ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం 2021 చివర్లో బగ్‌జిల్లా వదిలి అక్కడికే వెళ్లింది. పైథాన్ 2022 ఏప్రిల్‌లో రౌండప్ అనే పాత ట్రాకర్ వదిలి వచ్చింది. అంత పెద్ద ప్రాజెక్టులకు సరిపోయినది మీకు సరిపోదా?

#4 — అచ్చుతప్పు

కొత్తకమిట్ గారూ, పైథాన్‌లో బగ్ రాసేది పైథాన్ రాసేవాళ్లు. వాళ్లకు గిట్‌హబ్ ఖాతా ఎలాగూ ఉంటుంది. ఇక్కడ బగ్ రాసేది పెళ్లి పత్రిక కంపోజ్ చేస్తూ 'క్ష్మీ' సరిగ్గా పడలేదని గమనించిన మనిషి. ఇంగ్లీషు తెరలో కొత్త ఖాతా తెరిచి, మెయిల్‌కు వచ్చిన కోడ్ కొట్టి, అప్పుడు బగ్ రాయమంటే రాయడు. వాట్సాప్ గుంపులో స్క్రీన్‌షాట్ పెట్టి ఊరుకుంటాడు. ఆ బగ్ మనకు ఎప్పటికీ చేరదు.

వికీమీడియా దీన్ని బాగా పట్టుకుంది. 2014 నవంబరులో బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్‌కు మారినప్పుడు వికీ ఖాతాతోనే లాగిన్ అయ్యే ఏర్పాటు చేశారు. తెలుగు వికీలో రాసేవాళ్లు కొత్త ఖాతా తెరవకుండానే బగ్ పెట్టగలుగుతున్నారు. డెబియన్‌దైతే ఇంకా సులువు, 1990ల నుంచీ మెయిల్ పంపితే చాలు. బగ్ నంబరు పక్కన 'డన్' చేర్చిన చిరునామాకు జవాబిస్తే ఆ బగ్ మూసుకుంటుంది కూడా.

మీకు కావాల్సింది మెయిల్ దారి. గిట్‌ల్యాబ్‌లో సర్వీస్ డెస్క్ అని ఉంది, ఉచిత స్థాయిలోనే దొరుకుతుంది. ప్రాజెక్టుకొక మెయిల్ చిరునామా వస్తుంది, దానికి రాస్తే ఇష్యూ పుడుతుంది, మీరు ఇష్యూ కింద రాసిన జవాబు వాళ్లకు మెయిల్‌గా వెళ్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: అలా వచ్చిన ఇష్యూ డిఫాల్టుగా గోప్యంగా తెరుచుకుంటుంది. ఎవరో ఒకరు చదివి, ఫోన్ నంబర్లలాంటివి తీసేసి, బయటపెట్టాలి. ఆ పనికి ఒక మనిషిని ముందే అనుకోండి.

#5 — సర్వర్‌కాపు

నంబర్లు పోకూడదన్న షరతు ఒక్కటే మీ జాబితాను సగం కోసేస్తుంది. ఎలాగో చెప్తాను.

గిట్‌హబ్‌లో ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ ఒకే వరుస నంబర్లు. మీ రిపాజిటరీలో (కోడ్ ఉన్న చోట) 400 దాకా పుల్ రిక్వెస్టులు ఆక్రమించేశాయి, మాంటిస్ 37ను తెచ్చి 37గా పెట్టడానికి చోటు లేదు. 'ఈ నంబరు ఇవ్వు' అని అడిగే వీలు కూడా అక్కడ లేదు. ఫోర్జెజో, దానిలాంటిదే అయిన గిటీ కూడా ఇదే పద్ధతి. పైథాన్‌కు వచ్చిన చిక్కు ఇదే, అందుకే పాత బగ్గులన్నిటికీ కొత్త నంబర్లు పడ్డాయి, పాత నంబరును కొత్తదానికి దారి మళ్లించే ఏర్పాటు విడిగా చేసుకున్నారు.

గిట్‌ల్యాబ్‌లో ఇష్యూల వరుస వేరు, మెర్జ్ రిక్వెస్టుల (పుల్ రిక్వెస్టులకు అక్కడి పేరు) వరుస వేరు. ఒకదానికి హాష్ గుర్తు, ఇంకోదానికి ఆశ్చర్యార్థకం. ఏపీఐ (స్క్రిప్టుతో ట్రాకర్‌ను నడిపే దారి) ద్వారా ఇష్యూ సృష్టించేటప్పుడు ప్రాజెక్టు ఓనర్ హక్కులు ఉంటే నంబరూ మనమే ఇవ్వవచ్చు, సృష్టించిన తేదీ కూడా ఇవ్వవచ్చు. మాంటిస్ 37 అచ్చంగా 37గానే వస్తుంది, 2011లో రాసింది 2011గానే కనిపిస్తుంది.

వికీమీడియా మూడో దారి ఎంచుకుంది: పాత నంబరుకు 2000 కలిపారు. బగ్‌జిల్లా 12345 ఇప్పుడు టీ14345. ఇది కూడా మంచి పద్ధతే, పట్టిక అక్కర్లేకుండా మనసులో లెక్క కట్టుకోవచ్చు.

#6 — కీబోర్డు_కూర్పు

అయితే కోడ్ గిట్‌హబ్‌లో ఉంచి, ఇష్యూలు మాత్రం గిట్‌ల్యాబ్‌లో పెట్టవచ్చా? రెండుచోట్లా చూసుకోవడం తలనొప్పి కాదా?

#7 — సర్వర్‌కాపు

పెట్టవచ్చు. పోయేది ఒక్కటే, మెర్జ్ కాగానే బగ్ దానంతటది క్లోజ్ అవ్వడం. నెలకు పది పదిహేను ప్యాచ్‌లు వచ్చే ప్రాజెక్టులో చేత్తో క్లోజ్ చేయడం పెద్ద పని కాదు. మూసేటప్పుడు కమిట్ లింకు, ఏ విడుదలలో వస్తుందో రాయడం అలవాటు చేసుకుంటే దానంతటది మూసుకున్నదానికంటే రిపోర్టు చేసినవాళ్లకు ఎక్కువ ఉపయోగం.

గిట్‌హబ్‌లోనే ఉండాలనుకుంటే ఇంకో ఉపాయం ఉంది. బగ్గుల కోసమే ఖాళీ రిపాజిటరీ ఒకటి కొత్తగా తెరవండి. అందులోకి 1 నుంచి 1140 దాకా వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి దిగుమతి చేయండి. మాంటిస్‌లో తొలగించిన నంబర్ల చోట 'ఖాళీ' అని ఒక ఇష్యూ పెట్టి మూసేయండి. మధ్యలో ఒక్క అభ్యర్థన తప్పినా, వేరెవరైనా అదే సమయంలో ఇష్యూ తెరిచినా అక్కణ్నుంచి అన్ని నంబర్లూ జరిగిపోతాయి. కాబట్టి దిగుమతి పూర్తయ్యేదాకా రిపాజిటరీ ప్రైవేటుగానే ఉంచాలి, ప్రతి జవాబులో వచ్చిన నంబరు మీరు అనుకున్నదేనా అని స్క్రిప్టు సరిచూసి, కాకపోతే ఆగిపోవాలి. వేగంగా తోసేద్దామంటే కుదరదు. కొత్తగా ఏదైనా సృష్టించే అభ్యర్థనలకు నిమిషానికి 80, గంటకు 500 అని గిట్‌హబ్ పరిమితి. వ్యాఖ్యలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బగ్‌కు సగటున నాలుగు వ్యాఖ్యలు అనుకున్నా పన్నెండు గంటల పని.

గిట్‌ల్యాబ్‌ను సొంత సర్వర్‌లో పెట్టాలనుకోకండి. 4 జీబీ మెమరీతో ఈడ్చుకుంటూ నడుస్తుంది, సుఖంగా ఉండాలంటే 8 కావాలి, నెలనెలా అప్‌డేట్లు. ఫోర్జెజో అయితే 1 జీబీతో నడుస్తుంది గానీ నంబర్ల సంగతి పైనే చెప్పాను. రెడ్‌మైన్ మంచిదే, రూబీ భాష బగ్గులన్నీ దాని మీదే ఉన్నాయి. కానీ మాంటిస్‌తో మీకున్న సర్వర్ చాకిరీ అక్కడా తప్పదు.

#8 — వత్తులపని

ట్రాకర్ ఏదైనా సరే, మీ బగ్ ఫారంలో ఏం అడుగుతారన్నదే అసలు విషయం. తెలుగు అక్షరం తెర మీద తప్పుగా పడితే తప్పు నాలుగు చోట్ల ఉండవచ్చు: కీబోర్డు తప్పు అక్షరాలు పంపింది, ఫాంటులో వత్తుకు రూపం లేదు, షేపింగ్ ఇంజిన్ (అక్షరాలు, వత్తులు కలిపి రూపం కూర్చే భాగం) తప్పుగా కూర్చింది, అప్లికేషన్ తప్పుగా గీసింది. స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసి నాలుగింటిలో ఏదో చెప్పలేం.

ఫారంలో ఇవి తప్పనిసరి చేయండి: ఏ పరికరం, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, ఏ యాప్, ఏ ఫాంటు, ఏ లేఅవుట్, నొక్కిన మీటలు వరుసగా, రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి. 'వచ్చింది' దగ్గర స్క్రీన్‌షాట్‌తోపాటు ఆ పాఠాన్ని కాపీ చేసి అతికించమనండి. రెండూ కావాలి.

ఎందుకంటే కనిపించని అక్షరం ఒకటి ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' పక్కన అది ఉంటే పొల్లు విడిగా నిలబడుతుంది, లేకపోతే 'వ' వత్తు కిందికి దిగి 'సాఫ్ట్వేర్' అవుతుంది. రిపోర్టులో ఆ ఒక్క అక్షరం రాలిపోతే బగ్ మళ్లీ రప్పించలేం. ట్రాకర్ ఎంచుకునే ముందు పరీక్ష: ఆ అక్షరం ఉన్న మాటను ఇష్యూలో పెట్టి, సేవ్ చేసి, ఏపీఐ ద్వారా తిరిగి తెచ్చుకుని, 8204 అన్న యూనికోడ్ సంఖ్య ఇంకా ఉందో లేదో చూడండి. మెయిల్ దారిలో కూడా అదే పరీక్ష చేయండి. శోధనలోనూ చూడండి: ఆ అక్షరం లేకుండా వెతికితే ఉన్నది దొరుకుతుందా? దొరకకపోతే ఒకే బగ్‌ను ఐదుగురు ఐదుసార్లు పెడతారు.

ఇంకో సంగతి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చేసిన తెలుగు అక్షరం గుర్తుంది కదా. జ, పొల్లు, ఞ, ఆ కనిపించని అక్షరం, దీర్ఘం, ఈ వరుసలో. సంఖ్యల్లో 3100, 3149, 3102, 8204, 3134. సందేశంలో అది కనిపించగానే యాప్ పడిపోయేది. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. అలాంటి బగ్‌ను ట్రాకర్‌లో నేరుగా అతికిస్తే చదివేవాళ్ల ఫోన్లు కూడా పడిపోతాయి, నోటిఫికేషన్ మెయిల్ సహా. కూల్చేసే పాఠం ఏదైనా ఉంటే సంఖ్యల్లోనే రాయమని ఫారంలో ఒక వాక్యం చేర్చండి. శీర్షికలో అస్సలు వద్దు, శీర్షిక ప్రతి జాబితాలోనూ కనిపిస్తుంది.

వడగట్టే పద్ధతి: అతికించిన పాఠాన్ని హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్‌తో వచ్చే హెచ్‌బీ-షేప్ పనిముట్టుకు రెండు వేర్వేరు ఫాంట్లతో ఇవ్వండి. ఒక ఫాంటులోనే తప్పు వస్తే అది ఫాంటు బగ్. రెండింటిలోనూ అదే తప్పు వస్తే హార్ఫ్‌బజ్‌ను అనుమానించాలి. రెండింటిలోనూ సరిగ్గా వచ్చి యాప్‌లో మాత్రం తప్పుగా ఉంటే యాప్ బగ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ హార్ఫ్‌బజ్ వాడతాయి. ఆపిల్ సొంత ఇంజిన్ వేరు కాబట్టి అక్కడి బగ్‌కు ఈ పరీక్ష చెల్లదు. బయటివాళ్ల బగ్ అని తేలితే మూసేయకండి, 'అప్‌స్ట్రీమ్' లేబుల్ వేసి, వాళ్ల ట్రాకర్‌లో మీరే బగ్ పెట్టి, లింకు ఇక్కడ రాయండి. తెలుగులో రాసిన మనిషిని 'వెళ్లి అక్కడ ఇంగ్లీషులో పెట్టండి' అనడం న్యాయం కాదు.

#9 — పెర్ల్_పెద్ద

వత్తులపని గారి మాటకు జోడింపు: లేబుళ్లు పెంచుకోకండి. మాంటిస్‌లో స్థితులు ఏడు, పరిష్కారాలు తొమ్మిది. అన్నిటినీ లేబుళ్లుగా తెచ్చుకుంటే రెండో వారానికి ఎవరూ వాడరు. మాంటిస్ డేటాబేసులో ప్రతి స్థితికీ ఒక సంఖ్య ఉంటుంది. తెరిచి ఉన్నవాటికి మూడు చాలు: 10 అంటే 'కొత్తది', 20 అంటే 'సమాచారం కావాలి', 40, 50 రెండూ కలిపి 'నిర్ధారణ అయింది'. 30 అంటే చూశాం అని మాత్రమే, దాన్ని 'కొత్తది'లోనే కలపండి. 80, 90 మూసినవి. పరిష్కారం 60 అంటే డూప్లికేట్, అసలు బగ్‌కు లింకు రిలేషన్‌షిప్ టేబుల్లో ఉంటుంది, దాన్ని వ్యాఖ్యగా తీసుకురండి. మిగతా పాత వివరాలన్నీ ఇష్యూ అడుగున ఒక పట్టికగా పాఠంలోనే పెట్టేయండి, పోవు.

#10 — సర్వర్‌కాపు

దిగుమతిలో చెడిపోయే చోట్లు, తీవ్రతను బట్టి.

అన్నిటికంటే ముందు ప్రైవేటు బగ్గులు. మాంటిస్ బగ్ టేబుల్లో వ్యూ స్టేట్ అని ఒక నిలువు వరుస ఉంటుంది: 10 అంటే బహిరంగం, 50 అంటే ప్రైవేటు. బగ్‌నోట్ (వ్యాఖ్యల) టేబుల్లోనూ విడిగా ఉంటుంది, అంటే బహిరంగ బగ్ కింద ప్రైవేటు వ్యాఖ్య ఉండవచ్చు. చాలా స్క్రిప్టులు దీన్ని చూడవు. గిట్‌ల్యాబ్‌లో ఇష్యూను గోప్యంగా పెట్టవచ్చు. గిట్‌హబ్ బహిరంగ రిపాజిటరీలో గోప్యమైన ఇష్యూ అన్నదే లేదు, భద్రతా లోపాలకు వేరే అడ్వైజరీ దారి ఉంది, కాబట్టి ప్రైవేటువన్నీ విడిగా తీసి పక్కన పెట్టుకోవాల్సిందే.

రెండోది తెలుగు పాఠం. పాత డేటాబేసులో టేబుళ్లు లాటిన్1 (తెలుగు లేని పాత అక్షర సంకేత పద్ధతి)లో ఉండి, అందులో యూటీఎఫ్-8 (యూనికోడ్) బైట్లు కూర్చుని ఉండవచ్చు. డంప్ (డేటాబేసు మొత్తం దించిన ఫైలు) తెరిచి చూడండి. ప్రతి తెలుగు అక్షరం చోట తల మీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరుసగా కనిపిస్తే భయం లేదు, బైట్లు భద్రంగానే ఉన్నాయి. క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి మళ్లీ డంప్ తీసి, ఆ ఫైల్లో టేబుళ్ల నిర్వచనాలను, పైనున్న 'సెట్ నేమ్స్' వరుసను కూడా యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి, కొత్త డేటాబేసులోకి ఎక్కించండి. ప్రశ్నార్థకాలు మాత్రమే కనిపిస్తే ఆ పాఠం రాసిన రోజే పోయింది, పాత నోటిఫికేషన్ మెయిళ్లలో తప్ప దొరకదు. ఉత్త 'యూటీఎఫ్8' అని పెట్టినా చాలదు: మైఎస్‌క్యూఎల్‌లో అది 3 బైట్ల వరకే. తెలుగు అక్షరం 3 బైట్లే కాబట్టి సరిపోయినట్టు కనిపిస్తుంది, ఎమోజీ 4 బైట్లు, అక్కడ తెగుతుంది.

మూడోది అనవసరమైన లంకెలు. పాత వ్యాఖ్యల్లో ఉన్న ఎట్ గుర్తు పేర్లు, జావా కోడ్‌లో ఎట్-ఓవర్‌రైడ్ లాంటివి సహా, గిట్‌హబ్‌లో నిజమైన ఖాతాలై సంబంధం లేనివాళ్లకు నోటిఫికేషన్లు పోతాయి. ప్రోగ్రాం కూలినప్పుడు జీడీబీ ఇచ్చే ట్రేస్‌లో ప్రతి వరుసా హాష్ 0, హాష్ 1, హాష్ 2 అని మొదలవుతుంది, 0 తప్ప అవన్నీ మీ మొదటి బగ్గులకు లింకులైపోతాయి. ట్రేసులను కోడ్ బ్లాకులో, ఎట్ పేర్లను బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టేలా స్క్రిప్టు రాయండి.

తేదీలు మాంటిస్‌లో 1970 నుంచి లెక్కించిన సెకన్లు, మార్చడం తేలిక. అటాచ్‌మెంట్లు డేటాబేసులో ఉన్నాయో డిస్కులో ఉన్నాయో సెట్టింగును బట్టి ఉంటుంది, మధ్యలో సెట్టింగ్ మార్చి ఉంటే రెండుచోట్లా ఉంటాయి.

ఇరవై బగ్గులు ఏరి ముందు వాటితో ప్రయత్నించండి: అతి పాతది, అతి పొడవైనది, ప్రైవేటుది, అటాచ్‌మెంట్ ఉన్నది, ఎమోజీ ఉన్నది, డూప్లికేటు. అవి సరిగ్గా వస్తే మిగతావి వస్తాయి.

#11 — కొత్తకమిట్

నంబర్ల సంగతిలో నేను ఒప్పుకుంటున్నాను, ఆ కోణం నేను చూడలేదు. కానీ మారేటప్పుడు పాతవన్నీ మోసుకెళ్లాలా? రెండేళ్లు కదలిక లేనివాటిని బాట్ పెట్టి మూసేస్తే శుభ్రమవుతుంది కదా.

#12 — అచ్చుతప్పు

నేను గట్టిగా వద్దంటాను. నిర్ధారణ అయిన బగ్ కదలకపోవడం మన లోటు, రాసినవాళ్లది కాదు. ఒక టీచర్ 'ఱ' సరిగ్గా పడడం లేదని స్టెప్స్‌తో సహా రాస్తే, రెండేళ్ల తర్వాత మెషీన్ వచ్చి మూసేస్తే, ఆ మనిషి ఇక ఎప్పుడూ రాయరు. బగ్ ఉండనే ఉంటుంది. 'సమాచారం కావాలి' అన్నవాటికి మాత్రం గడువు పెట్టడం సబబే. లిబ్రేఆఫీస్ వాళ్లు ఆరు నెలలు చూసి గుర్తు చేస్తారు, ఇంకో నెల చూసి మూస్తారు. ఆ గుర్తుచేసే సందేశం మీరు తెలుగులో రాయండి, ఏం కావాలో ఒకే ఒక్క ప్రశ్నగా అడగండి.

#13 — కీబోర్డు_కూర్పు

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా నలుగురం మాట్లాడుకున్నాం. కోడ్ గిట్‌హబ్‌లోనే ఉంటుంది. బగ్గులు గిట్‌ల్యాబ్ వాళ్ల సర్వర్‌లో, పాత నంబర్లతో, సర్వీస్ డెస్క్ మెయిల్‌తో. గిట్‌హబ్‌లో ఇష్యూస్ ట్యాబ్ ఆపేసి, రీడ్‌మీలో తెలుగులో దారి చెప్తాం. వారానికొకరు చొప్పున వడగట్టే వంతు వేసుకున్నాం. ప్రతి ఆదివారం ఏపీఐ ద్వారా మొత్తం ఇష్యూలు, వ్యాఖ్యలు దించి గిట్‌లో పెట్టే స్క్రిప్టు కూడా రాస్తున్నాం, అటాచ్‌మెంట్లతో సహా.

ఇంకొక్కటి: పాత మాంటిస్ లింకులు బయట బ్లాగుల్లో, వికీ చర్చల్లో చాలా ఉన్నాయి. దాన్ని ఎప్పుడు ఆపవచ్చు?

#14 — సర్వర్‌కాపు

వెంటనే ఆపకండి. దిగుమతి మొదలుపెట్టే ముందు కాన్ఫిగ్ ఫైల్లో కొత్త బగ్ రాసే హక్కు, వ్యాఖ్య రాసే హక్కు, మార్చే హక్కు, మూడు త్రెషోల్డులూ (ఎవరికి అనుమతో చెప్పే సెట్టింగులు) 'నోబడీ'గా, అంటే ఎవరికీ లేకుండా, పెట్టండి. చదవడానికి మాత్రం ఉంటుంది, దిగుమతి జరిగేటప్పుడు కొత్తవి వచ్చి పడవు.

నంబర్లు అవే కాబట్టి దారి మళ్లింపు ఒక్క వరుస పని: లింకులో ఐడీ అని ఉన్న సంఖ్యను తీసి గిట్‌ల్యాబ్ ఇష్యూ చిరునామా చివర పెట్టడమే. ప్రైవేటు బగ్గుల లింకులు కూడా అలాగే మళ్లించవచ్చు, అక్కడ గోప్యంగానే ఉంటాయి, లాగిన్ లేనివాళ్లకు పేజీ దొరకదు.

నెల రోజులు చూసి, అన్నీ సరిగ్గా వచ్చాయనుకున్నాక పాత పేజీలన్నిటినీ వెబ్ పేజీలు దించే డబ్ల్యూగెట్ పనిముట్టుతో మామూలు హెచ్‌టీఎంఎల్‌గా దించుకుని, పీహెచ్‌పీని, డేటాబేసును తీసేయండి. దించేటప్పుడు మాత్రం లాగిన్ కాకుండా, అజ్ఞాత సందర్శకుడిగా దించండి. అడ్మిన్ కుకీతో దించితే ప్రైవేటు బగ్గులు, ప్రైవేటు వ్యాఖ్యలు, రాసినవాళ్ల మెయిల్ చిరునామాలు అన్నీ ఆ పేజీల్లోకి వచ్చేస్తాయి.